గోపాల్‌పూర్‌లో పక్కలు పరిచేవాళ్ళు ఎక్కడ పడుకుంటారు?

"సీజన్లో గది ఇవ్వరు బాబూ. సీజన్ అయిపోతే పని ఇవ్వరు. ఏటి సెయ్యమంటావు?"

ఒడిశాలోని గోపాల్‌పూర్ బీచికి వెనక వీధిలో ఒక లాడ్జిలో దుప్పట్లు ఉతికి, గదుల్లో పక్కలు పరిచే ఆవిడ నాతో అన్న మాట ఇది. ఆమెది సోంపేట వైపు పల్లె. నాకంటే పెద్దది కాబట్టి అప్పా అని పిలుస్తాను. ఆమె ఉండే రేకుల గదికి నెలకు రెండు వేలు అద్దె. దసరా ఇంకో వారం ఉందనగా ఇంటివాళ్ళు ఖాళీ చెయ్యమంటారు. ఆ గదికే సున్నం కొట్టి, మంచం వేసి, కలకత్తా నుంచి వచ్చే కుటుంబాలకు రాత్రికి ఎనిమిది వందల చొప్పున ఇచ్చుకుంటారు. సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ ఆమెను పిలుస్తారు. ఈలోగా మూడు నెలలూ ఆమె లాడ్జి మెట్ల కింద, మాసిన దుప్పట్ల మూటల పక్కన పడుకుంటుంది. తెల్లారి లేచి ఇరవై మంచాల మీద ఉతికిన దుప్పట్లు పరుస్తుంది.

నేను బరంపురంలో పుట్టి పెరిగినవాణ్ణి. చిన్నప్పుడు ఆదివారం సాయంత్రాలు గోపాల్‌పూర్ ఇసుకలోనే గడిచాయి. ఆ మెట్ల కింద చోటు చూసినప్పటి నుంచి ఒకటే ఆలోచన: ఇన్ని ఇళ్ళ పథకాలు ఉండగా ఆమెకు ఒక్కటీ ఎందుకు తగల్లేదు? ఒక్కో పథకం కాగితం ముందేసుకుని చూస్తూ పోతే జవాబు మెల్లగా కనబడింది. ప్రతి పథకమూ మనిషిని మూడు సంగతులు అడుగుతుంది. నీ ఊరేది? నీ స్థలమేది? నీ పేరు ఏ జాబితాలో ఉంది? సీజన్ కోసం వచ్చి పోయే పనివాళ్ళ దగ్గర ఈ మూడింటిలో ఒక్కదానికీ పనికొచ్చే జవాబు ఉండదు. చిక్కంతా అక్కడుంది.

ఊరు చిన్నది, పని పెద్దది

గోపాల్‌పూర్ బరంపురానికి పదహారు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల్లో ఏడు వేల పైచిలుకు మనుషులు. పాలన ఎన్ఏసీది, అంటే మునిసిపాలిటీ కంటే చిన్న పట్టణ సంస్థ. ఒకప్పుడు ఈ గంజాం జిల్లా కూలీలు ఇక్కడి రేవులో ఓడెక్కి రంగూన్ వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు ఆ తీరానికే సెలవులు గడపడానికి జనం వస్తారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోనిది. అందుకే ఇక్కడ చేపల వేట చేసే కుటుంబాలు ఇళ్ళలో నేటికీ తెలుగే మాట్లాడతాయి. ఒడియావాళ్ళు వాళ్ళను నోళియా అంటారు.

ఈ ఊళ్ళో పర్యాటకం మీద బతికే పేదలందరినీ ఒకే గాటన కట్టడం పొరపాటు. నాకు మూడు రకాలవాళ్ళు కనబడతారు. తీరం వెంబడి తరతరాలుగా ఉన్న వేటకుటుంబాలు మొదటివి. వాళ్ళకు ఇల్లుంది, కాగితం లేదు, లేదా ఇంటి కింద నేల మీద హక్కు లేదు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు నుంచి రైలెక్కో, సరిహద్దులోని గిరిసోల గేటు దాటి బస్సెక్కో వచ్చేవాళ్ళు రెండోరకం. వాళ్ళకు ఇల్లూ, రేషన్ కార్డూ ఆంధ్రలో, పని మాత్రం ఒడిశాలో. ఒడిశాలోనే ఉన్న గజపతి కొండల నుంచి, కంధమాల్ నుంచి, గంజాం లోపలి పల్లెల నుంచి వచ్చే కుర్రాళ్ళు మూడోరకం. వీళ్ళు హోటల్ వంటగదుల్లో గిన్నెలు తోమి, రాత్రికి అదే వంటగదిలో చాప వేసుకుంటారు. మొదటివాళ్ళకు కావలసింది పట్టా. రెండో, మూడో రకంవాళ్ళకు కావలసింది ఏడాది పొడుగునా తమదేనన్న నమ్మకంతో పడుకునే మంచం, దానికి ఒక అడ్రసు. ఒకే మందు అందరికీ వాడడం వల్లే పథకాలు గురి తప్పుతున్నాయి.

ఇక లెక్క సంగతి. పట్టణాల్లో నిలువనీడ లేనివాళ్ళ కోసం కేంద్రం తెచ్చిన ఆశ్రయ పథకం ఒక కొలత పెట్టింది: లక్ష జనాభాకు కనీసం వంద మందికి సరిపడే శాశ్వత ఆశ్రయం. పెద్ద నగరాలకు ఆ కొలత ఎంతో కొంత పనికొస్తుంది. గోపాల్‌పూర్‌కు ఆ నిష్పత్తిలో ఎన్ని మంచాలు వస్తాయో చూడండి. ఏడు. దసరా రోజుల్లో ఆ ఏడు మంచాలు ఒక్క లాడ్జి పనివాళ్ళకు కూడా చాలవు. పర్యాటక ఊరికి నీళ్ళు, చెత్త బండ్లు, కరెంటు లెక్క వేసేటప్పుడు వచ్చే పోయే జనాన్ని కూడా కలుపుతారు. ఆ జనానికి సేవ చేసే మనుషుల పడక దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఊరి జనాభానే కొలత అవుతుంది. పైగా వంటగదిలో పడుకునేవాణ్ణి నిలువనీడ లేనివాడని ఎవరూ రాసుకోరు, నెత్తిన కప్పు ఉంది కదా అని.

గది ధర ఎందుకు పెరుగుతుంది

అప్ప గదినే తీసుకుందాం. నెలకు రెండు వేలు వచ్చే గదికి రాత్రికి ఎనిమిది వందలు వస్తే, మూడు రాత్రులు నిండేసరికి నెల అద్దె దాటిపోతుంది. మిగిలిన రాత్రులన్నీ లాభం. ఇంటివాడు దుర్మార్గుడు కానక్కర్లేదు, లెక్క వచ్చినవాడైతే చాలు. ప్రపంచంలో ఏ పర్యాటక ఊళ్ళోనైనా చిక్కు ఇక్కడే మొదలవుతుంది: పనివాడి నెల జీతమూ, యాత్రికుడి రాత్రి ఖర్చూ ఒకే గది కోసం పోటీ పడతాయి.

మన తీరంలో దీనికి మరో ముడి ఉంది. రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. వాటి రక్షణ కోసం ఆ దరిదాపుల సముద్రంలో ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా చేపల వేట మీద నిషేధం ఉంటుంది. తాబేళ్ళను కాపాడాల్సిందే, అందులో రెండో మాట లేదు. అయితే వేట తగ్గిన ఆ నెలల్లోనే పర్యాటకుల సీజన్ నడుస్తుంది. వల ఎండిన ఇంటికి వెనక గది అద్దె ఒక్కటే దిక్కయినప్పుడు, ఆ గదిని ఎక్కువ ఇచ్చేవాడికి ఇవ్వకుండా ఎలా ఉంటారు? ఒక పేద కుటుంబం సీజన్లో నిలదొక్కుకోవడానికి ఇంకో పేద మనిషి గది వదలాల్సి వస్తోంది. నాకు ఇందులో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

తీర నియంత్రణ (సీఆర్‌జెడ్) నిబంధనల గురించి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే గోపాల్‌పూర్‌లో ఎవరిని అడిగినా "సీఆర్‌జెడ్ ఒప్పుకోదు" అనే మాటతో సంభాషణ ఆగిపోతుంది. 2011 నోటిఫికేషన్ ప్రకారం పల్లె తీరాల్లో పోటు గీత నుంచి 200 మీటర్ల దాకా కొత్త కట్టడాలు కూడదు. 2019 జనవరిలో వచ్చిన నోటిఫికేషన్ జనం కిక్కిరిసిన పల్లె తీరాల్లో, అంటే 2011 లెక్కల్లో చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి ఉన్నచోట, ఆ హద్దును 50 మీటర్లకు తగ్గించింది. మిగతా పల్లె తీరాల్లో 200 మీటర్లే ఉంచింది. పట్టణంగా ఇప్పటికే కట్టడాలు నిండిన భాగాలకు వేరే నియమాలు. అదే నోటిఫికేషన్ బీచిలో తాత్కాలిక షెడ్లకు, దుస్తులు మార్చుకునే గదులకు చోటిచ్చింది. మత్స్యకారులు తమ ఇంటి విస్తీర్ణం, రూపం మార్చకుండా హోమ్‌స్టే నడుపుకోవచ్చనీ ఉంది. మంచి నిబంధనే, ఆ కుటుంబాలకు ఆదాయం. కానీ దాని పర్యవసానం ఎవరూ ముందుగా ఆలోచించలేదు. ఇంటిని పెంచకూడదు, యాత్రికుణ్ణి పెట్టుకోవచ్చు అంటే, ఉన్న గదిలోంచి అద్దెకున్నవాడే బయటికి పోతాడు. పనివాళ్ళకు మంచాలు కట్టాలంటే తీరం మీద కుదరదు, రోడ్డుకు లోపలివైపు ప్రభుత్వ స్థలం వెతకాలి. బస్సు చివరి ట్రిప్పు అయిపోయాక కూడా నడిచి చేరగలిగేంత దూరంలో ఉండాలి. రాత్రి పదకొండింటికి గిన్నెలు తోమడం ముగించినవాడికి బరంపురంలో చవకగా గది దొరికితే ఏం లాభం?

ఉన్న పథకాలు ఎక్కడ తెగుతున్నాయి

పట్టా విషయంలో ఒడిశా నిజంగా మంచి పని చేసింది, అది ఒప్పుకోవాలి. 2017లో మురికివాడల నివాసులకు భూమి హక్కులిచ్చే చట్టం తెచ్చింది. మునిసిపాలిటీలు, ఎన్ఏసీల్లో ప్రభుత్వ భూమి మీద ఇల్లు వేసుకున్న భూమిలేని కుటుంబాలకు హక్కు పత్రం ఇస్తారు. బాగా పేదవాళ్ళకు 30 చదరపు మీటర్ల దాకా ఉచితం. పత్రం భార్యాభర్తలిద్దరి పేరా ఉంటుంది. వారసులకు వస్తుంది గాని అమ్మడానికి వీల్లేదు. ఇంటి అప్పు కోసం తాకట్టు పెట్టుకోవచ్చు. 2018లో మొదలైన జగా మిషన్ డ్రోన్లతో వాడలను కొలిచి దీన్ని అమల్లో పెట్టింది. అధికారి వచ్చి టేపు పట్టి కొలిచే రోజుల నుంచి ఇది చాలా పెద్ద అడుగు.

ఈ చట్టం మొదటిరకం వాళ్ళకు, అంటే ఊళ్ళో ఇల్లు వేసుకుని ఉన్నవాళ్ళకు, సరిగ్గా సరిపోతుంది. అదే ఇంట్లో వెనక గది అద్దెకు తీసుకున్న అప్పకు ఇందులో ఏమీ లేదు. హక్కు ఆ నేల మీద ఇల్లు ఉన్న కుటుంబానిది. ఇక సముద్రం కోతకు గురయ్యే చోట్ల, ప్రమాదకరమైన చోట్ల ఉన్నవాళ్ళను వేరేచోటికి తరలించాల్సిందే. రుషికుల్య ముఖద్వారం దగ్గర పోడంపేట అనే తెలుగు మత్స్యకారుల పల్లె ఎలా సముద్రంలోకి జారిపోయిందో ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగం 2015 జూన్‌లో మొదలైంది. సొంత స్థలంలో ఇల్లు కట్టుకునేవారికి కేంద్రం వాటాగా లక్షన్నర ఇచ్చేది. 2024లో రెండో విడతకు ఆమోదం వచ్చింది, కోటి కుటుంబాల లక్ష్యంతో. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉంటే బలహీన వర్గం కిందికి వస్తారు. ఆదాయం విషయంలో అప్పకు ఇబ్బంది లేదు. ఇబ్బంది రెండు చోట్ల. స్థలం చూపించాలి. దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. ఆమెకు సోంపేట వైపు పాత కాలనీ ఇల్లొకటి ఉంది, కొడుకు, కోడలు అందులో ఉంటున్నారు. కాగితం ప్రకారం ఆమె ఇల్లున్న మనిషి. ఆ ఇల్లు ఆమె పనిచేసే చోటికి కొన్ని పదుల కిలోమీటర్ల అవతల, మరో రాష్ట్రంలో ఉంది. సొంతిల్లు ఇవ్వకపోవడం న్యాయమే, ఒక్కరికి రెండిళ్ళివ్వలేం. కానీ ఆమె అడుగుతున్నది సొంతిల్లు కాదు కదా. అద్దెకు నిలకడైన గది.

సరిగ్గా దీనికోసమే ఒక పథకం పుట్టింది. 2020 లాక్‌డౌన్‌లో వలస కూలీలు రోడ్లెక్కి నడిచారు. సూరత్ మరమగ్గాల నుంచి మన గంజాం కుర్రాళ్ళు వేలకు వేలు తిరిగొచ్చారు. సూరత్‌లో వాళ్ళుండే గదులను మెస్సు అంటారు. పగటి షిఫ్టు వాడు లేచిన చోట రాత్రి షిఫ్టు వాడు పడుకుంటాడు. పన్నెండేసి గంటలు, ఒకే చాప, ఇద్దరు మనుషులు. మా వీధిలో ఆ మెస్సుల్లో ఉండి రానివాళ్ళు తక్కువ. ఆ జూలైలోనే కేంద్రం చవక అద్దె ఇళ్ళ సముదాయాల పథకం ప్రకటించింది. ఖాళీగా పడున్న ప్రభుత్వ ఇళ్ళను బాగుచేసి అద్దెకివ్వడం ఒక పద్ధతి. సంస్థలు తమ సొంత ఖాళీ స్థలంలో కట్టి పాతికేళ్ళు పేదలకే అద్దెకివ్వడం రెండోది. అద్దె రెండేళ్ళకోసారి 8 శాతం, ఐదేళ్ళ మొత్తం మీద 20 శాతం మించి పెంచకూడదు. డార్మిటరీ మంచాలూ లెక్కలోకి వస్తాయి. అర్హుల్లో హోటల్ రంగం పనివాళ్ళ ప్రస్తావన కూడా ఉంది. అద్దె ఇళ్ళను రెండో విడత ఆవాస్ యోజనలోనూ ఒక భాగంగా ఉంచారు.

ఇంత బాగా రాసిన పథకం మన చిన్న ఊళ్ళకు ఎందుకు రాదంటే, అది ఏడాది పొడుగునా నిండే ఊళ్ళను మనసులో పెట్టుకుని రాసింది. ఫ్యాక్టరీ ఊళ్ళో మంచం పన్నెండు నెలలూ నిండుతుంది. బీచి ఊళ్ళో జూన్ నుంచి సెప్టెంబరు దాకా సగం ఖాళీ. ఆ ఖాళీ భారం ఎవరు మోయాలో పథకంలో లేదు.

యజమాని బాధ్యత మాటేమిటి? 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం, కాంట్రాక్టరు తెచ్చిన కార్మికులకు వసతి చూపడం కాంట్రాక్టరు పనిగా ఉండేది. అప్పను ఏ కాంట్రాక్టరూ తీసుకురాలేదు. చుట్టాలావిడ పని ఉందని చెబితే తనే వచ్చింది. 2020 నాటి వృత్తి భద్రత కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాక, నెలకు 18 వేల లోపు జీతంతో స్వయంగా వచ్చి చేరినవాళ్ళు కూడా వలస కార్మికుల నిర్వచనంలోకి వచ్చారు. అది మేలే. కానీ పదిమంది అంతర్రాష్ట్ర వలస కార్మికులున్న సంస్థకే ఆ భాగం వర్తిస్తుంది. ఆరుగురితో నడిచే లాడ్జి దాని కిందికి రాదు. గజపతి కొండల నుంచి వచ్చిన కుర్రాడు రాష్ట్రమే దాటలేదు కాబట్టి వాడి సంగతి అసలే లేదు.

నాలుగు గోడలు చాలవు

ఆసరా ఉన్న ఇల్లు అనే మాట మన దగ్గర కొత్తగా వినబడుతుంది. ముసలివాళ్ళ ఆశ్రమమో, తాగుడు మాన్పించే కేంద్రమో అనుకుంటారు. నిజానికి ఇంటికి ఆనుకుని మనిషి నిలదొక్కుకోవడానికి కావలసిన సాయం కూడా అక్కడే ఉండడమే దాని అర్థం. పర్యాటక ఊళ్ళో ఆ సాయం ఏమిటో పనివాళ్ళ గడియారం చూస్తే తెలుస్తుంది.

పక్కలు పరిచే ఆడవాళ్ళకు అసలు పని పొద్దున గదులు ఖాళీ అయ్యే వేళ నుంచి మధ్యాహ్నం కొత్తవాళ్ళు దిగేదాకా. ఆ మూడు నాలుగు గంటలూ పరుగే. పసిపిల్లల తల్లి ఆ సమయంలో బిడ్డను ఎక్కడ పెడుతుంది? లాడ్జి వరండాలో చీరతో ఉయ్యాల కట్టి, గది గదికీ మధ్య వచ్చి చూసుకునే తల్లులను నేను చూశాను. వంటవాళ్ళకు పని రాత్రి పదకొండు దాటేదాకా, మళ్ళీ ఐదింటికి టిఫిన్లు. పిల్లల గది, రాత్రి ఆలస్యంగా వచ్చినా తలుపు తీసే మనిషి, ఆడవాళ్ళకు వేరే స్నానాల గది, దీపం ఉన్న దారి. వీటిలో ఒక్కటి లేకపోయినా చవక గది పనికి రాకుండా పోతుంది.

తర్వాతది అడ్రసు. గది అద్దెకిచ్చేవాడు కాగితం రాయడు, రాస్తే రేపు హక్కు అడుగుతారని భయం. కాగితం లేకపోతే బడిలో పిల్లాణ్ణి చేర్చడం దగ్గర నుంచి బ్యాంకు దాకా అంతా టెన్షనే. కొన్ని చోట్ల వెసులుబాటు వచ్చింది. రేషన్ కార్డు ఆంధ్రదైనా బియ్యం ఒడిశా డిపోలో తీసుకోవచ్చు. అయిదు కిలోల చిన్న గ్యాసు సిలిండరు అడ్రసు రుజువు లేకుండా గుర్తింపు కార్డు మీదే దొరుకుతుంది. ఈ రెండు సంగతులూ అప్పకు నేను చెప్పేదాకా తెలియవు. తెలుగులో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు, బోర్డులన్నీ ఒడియాలో ఉంటాయి, ఆమెకు తెలుగైనా ఒడియా అయినా చదవడం రాదు. హాస్టలు గుమ్మంలో వారానికోసారి కూర్చుని ఇలాంటివి రెండు భాషల్లోనూ చెప్పే ఒక్క మనిషి ఎంత మేలు చేయగలదో మాటల్లో చెప్పలేను.

అద్దెకున్నవాళ్ళ రక్షణకు 2021లో కేంద్రం నమూనా అద్దె చట్టం రాసి రాష్ట్రాలకు పంపింది. రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి, ఇళ్ళకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు కూడదు అని అందులో ఉంది. నమూనా కాబట్టి రాష్ట్రం చట్టంగా చేసుకుంటేనే బలం.

ఆడవాళ్ళ కోసం సఖీ నివాస్ అనే ఉద్యోగినుల హాస్టళ్ళ పథకం ఉంది. దీని నియమాలు నాకు నచ్చాయి. అద్దె గదిని బట్టి కాక జీతాన్ని బట్టి: ఒక్కరుండే గదికి జీతంలో 15 శాతం, ఇద్దరుండే గదికి 10, డార్మిటరీకి ఏడున్నర శాతం మించకూడదు. పద్దెనిమిదేళ్ళ లోపు ఆడపిల్లల్నీ, పన్నెండేళ్ళ లోపు మగపిల్లల్నీ తల్లి వెంట ఉంచుకోవచ్చు. పిల్లల సంరక్షణ కేంద్రం కూడా అందులో భాగమే. ఉద్యోగిని అనగానే ఆఫీసుకు వెళ్ళే అమ్మాయి గుర్తుకొచ్చి ఈ హాస్టళ్ళను నగరాల్లో కడుతున్నారు. దుప్పట్లు ఉతికే ఆవిడ కూడా ఉద్యోగినే అని ఎవరైనా గట్టిగా అడగాలి.

తుఫాను సంగతి ఎత్తకుండా ఈ తీరంలో ఇళ్ళ గురించి రాయడం కుదరదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. అది దుర్గాష్టమి రోజు, సీజన్ నడిమధ్య. ప్రభుత్వం లక్షల మందిని ముందే తరలించి ప్రాణాలు కాపాడింది. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు రుణంతో సముద్రానికి ఐదు కిలోమీటర్ల లోపు పల్లెల్లో దెబ్బతిన్న కుటుంబాలకు పక్కా ఇళ్ళు కట్టించారు. కట్టుకునే పని కుటుంబాలకే అప్పగించడం వల్ల ఇళ్ళు బాగా వచ్చాయి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చింది. మన తీరానికి అక్టోబరు అంటే పండగ, సీజన్, తుఫాను మూడూ. తరలింపు పల్లెల వారీగా, ఇళ్ళ వారీగా సాగుతుంది. ఏ పల్లె లెక్కలోనూ లేకుండా వంటగదిలో పడుకునే కుర్రాడి తలుపు ఎవరు తడతారు? అతనికి ఒక హాస్టలు, అందులో ఒక మంచం నంబరు ఉంటే, ఆ రాత్రి అతణ్ణి లెక్కపెట్టే మనిషి ఉన్నట్టే.

వేరేచోట్ల ఏం చేశారు

కెనడాలో విస్లర్ అనే మంచుకొండల ఊరుంది, స్కీయింగ్‌కు పేరు. గదుల ధరలు పనివాళ్ళకు అందనంత పెరగడంతో 1997లో అక్కడ ప్రత్యేకంగా ఒక గృహ సంస్థ పెట్టారు. హోటళ్ళు, దుకాణాలు కట్టేవాళ్ళు వాటివల్ల వచ్చే కొత్త పనివాళ్ళకు ఇళ్ళు సమకూర్చాలి, లేదా డబ్బు కట్టాలి. ఆ ఇళ్ళు ఊళ్ళో పనిచేసేవాళ్ళకే, ధర మీద అదుపు ఉంటుంది. పనిచేసేవాళ్ళలో కనీసం నాలుగింట మూడొంతుల మంది ఊళ్ళోనే ఉండాలన్నది వాళ్ళ లక్ష్యం. డబ్బున్న దేశం, మనకెలా కుదురుతుంది అంటారు. డబ్బు సంగతి అటుంచి, వాళ్ళు లెక్క ఎక్కడ మొదలుపెట్టారో చూడాలి: హోటల్ ప్లాను పాసయ్యే రోజున. మన దగ్గర అదే రోజున పార్కింగ్ స్థలం చూపించమంటారు, నిప్పు ఆర్పే ఏర్పాటు చూపించమంటారు. పనివాళ్ళ మంచాలు చూపించమని అడగరు.

దగ్గర ఉదాహరణ కేరళది. పాలక్కాడ్ జిల్లా కంజికోడ్‌లో వలస కార్మికుల కోసం అప్నా ఘర్ పేరుతో 620 మంచాల హాస్టలు 2019లో తెరిచారు. అది పారిశ్రామిక ప్రాంతం, ఏడాదంతా పనుంటుంది. కాబట్టి నేరుగా నకలు చేయలేం. కానీ ప్రభుత్వం తలుచుకుంటే వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళకు మంచం ఇవ్వగలదని అది చూపించింది.

ఖాళీ నెలల లెక్క

ఇప్పుడు అసలు ముడి, వానాకాలంలో ఖాళీ మంచాల ఖర్చు. ఊహించిన అంకెలతో ఒక లెక్క వేసి చూద్దాం. అరవై మంచాల హాస్టలు అనుకోండి. కాపలా, వంటావిడ, నీళ్ళు, కరెంటు, మరమ్మతులు కలిపి నెలకు 90 వేలు. స్థలం, కట్టడం ప్రభుత్వానివి. ఏడాదంతా నిండితే మంచానికి 1,500 చాలు. ఆరు నెలలు నిండుగా, ఆరు నెలలు సగం ఉంటే సగటున 45 మంచాలే, అప్పుడు మంచానికి 2,000 కావాలి. ఆ అయిదు వందల తేడా దగ్గరే పనివాడు మళ్ళీ వంటగది చాపకు వెళ్ళిపోతాడు. అద్దె 1,500 దగ్గరే ఉంచితే ఏడాదికి తగ్గే సొమ్ము 2 లక్షల 70 వేలు. ఊళ్ళో ముప్పై లాడ్జిలు పంచుకుంటే ఒక్కొక్కరికి ఏడాదికి 9 వేలు, నెలకు 750. అంటే ఒక రేకుల గదికి సీజన్లో ఒక రాత్రి అద్దె అంత కూడా లేదు.

లాడ్జివాళ్ళు ఎందుకు కడతారని అడగవచ్చు. ఊరికే కట్టరు. కానీ హోటళ్ళు కట్టేవాళ్ళకు రాష్ట్ర పర్యాటక విధానం పెట్టుబడి రాయితీ ఇస్తుంది. ప్రజల సొమ్ముతో రాయితీ ఇచ్చేటప్పుడు పనివాళ్ళ మంచాల వాటా చూపమని షరతు పెట్టడం అన్యాయమేమీ కాదు. చిన్న లాడ్జిలకు ట్రేడ్ లైసెన్సు రెన్యువల్‌తో కలిపి తీసుకోవచ్చు. వాళ్ళకూ లాభముంది. ప్రతి దసరాకూ కొత్త పనివాణ్ణి వెతికి, నేర్పించి, జనవరిలో పోగొట్టుకునే బాధ ఏ లాడ్జి మేనేజరును అడిగినా చెబుతాడు. గది నిలిస్తే మనిషి నిలుస్తాడు.

ఖాళీ నెలల్లో ఆ మంచాలను వేరే పనికీ వాడొచ్చు. హోటల్ పనులు నేర్పే శిక్షణలు సీజన్ లేనప్పుడే పెడితే, శిక్షణ డబ్బుల్లోంచి కొంత హాస్టలుకు వస్తుంది. వానాకాలమంతా ఖాళీ కూర్చునే కుర్రాళ్ళకు పని నేర్చుకునే వీలూ దొరుకుతుంది. మిగిలిన తేడా ఎన్ఏసీ భరించడం పెద్ద భారం కాదని నా నమ్మకం.

నడిపేది ఎవరన్నది కూడా తేల్చుకోవాలి. కాంట్రాక్టరుకిస్తే రెండేళ్ళలో అది ఇంకో లాడ్జి అయిపోతుంది, యాత్రికులకు గదులిచ్చేస్తారు. ఒడిశాలో మిషన్ శక్తి మహిళా సంఘాలు బడి భోజనాల దగ్గర నుంచి పట్టణాల్లో చిన్న చిన్న పనుల దాకా నిర్వహించిన అనుభవం ఉన్నవి. జగా మిషన్‌లో వాడల సంఘాలే తమ వీధుల పనులు చేయించుకున్నాయి. అలాంటి సంఘానికి ఇచ్చి, అందులో తెలుగు వచ్చినవాళ్ళు, ఒడియా వచ్చినవాళ్ళు ఇద్దరూ ఉండేలా చూస్తే, రాత్రి తలుపు తీసే మనిషి కూడా ఆ పనివాళ్ళలోంచే వస్తుంది.

ఈ లెక్కంతా ఒక కాగితం మీద వేసి మొన్న అప్పకు చదివి వినిపించాను. అరవై మంచాలు అనగానే ఆపింది. "అరవై మంచాలకి నూటిరవై దుప్పట్లు గావాల బాబూ, వానాకాలంలో ఆరవు, ఇంకో ముప్పై రాసుకో" అంది. నేను రాసుకున్నాను. "ఆ తలుపు తీసే పని నాకిప్పించు. దుప్పట్లు లెక్కెట్టడం నాకొచ్చు, ఎవలు రాలేదో రాత్రి నానే సూసుకుంతాను."